కొత్త టార్చి ఎలా ఉందంటే

షాపు బాబుగారికి,

కోడి కెలికినట్టుండే నా రాతకీ, తప్పులకీ ఏమీ అనుకోకండి. మీ దగ్గర కొన్న ఎల్‌ఈడీ టార్చి ఎలా పనిచేస్తోందో కార్డు ముక్క రాయమన్నారు కదా, అందుకని రాస్తున్నాను.

వెలుగు బ్రహ్మాండం. మా గుమ్మంలో నుంచుని వేస్తే వీధి చివర నీళ్ల ట్యాంకు మీద వాలిన కాకి కూడా కనిపిస్తోంది. వానలో తడిసినా ఆరిపోలేదు.

మా ఆవిడకి ఈమధ్య మతిమరుపు ముదిరింది. పొద్దు వాలితే చాలు, చెప్పకుండా గడప దాటి వెళ్లిపోతుంది. తనని వెతకడానికే ఈ టార్చి కొన్నాను. నిన్న సాయంత్రం ట్యాంకు దగ్గర కనబడింది. కానీ వెలుగు పడగానే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరది?" అంటూ భయంభయంగా వెనక్కి నడిచింది. వెలుగు వెనకాల ఉన్న మనిషి కనబడడు. దీనికున్న లోపం అదొక్కటే.

అందుకని లైటు నా మొహం మీదికే తిప్పుకున్నాను. తను ఆగింది. దగ్గరికొచ్చి తేరిపార చూసింది.

"పెద్దాయనా, మా ఆయన ఎక్కడైనా కనబడ్డారా? పైకి చెప్పరు గానీ చీకటంటే హడలు. రోజూ వెతుకుతున్నా. ఆ లైటు కాస్త అటు వెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

అటే వేశాను. ఇద్దరం కలిసి ఆయన్ని సందు సందూ వెతికాం.

ఇక రోజూ వెళ్లక తప్పేట్టు లేదు. ఒకసారి చార్జింగు పెడితే ఎంతసేపు వెలుగుతుందో దయచేసి త్వరగా జవాబు రాయండి.