విరగ్గొట్టే పని

ఆటబల్లల మీద యుద్ధాలాడే బొమ్మ సైనికులు విరగడం మానేసి చాలా కాలమైంది. మేడ మీంచి పడేసినా, లారీ కింద నలిగినా, ఊడిన కాలు వాటంతటవే అతికించుకుంటాయి. దాంతో ఆడేవాళ్ళకి విసుగొచ్చింది. ఇప్పుడు దెబ్బతిన్న సైనికుడే కావాలట, అదీ మనిషి చేత్తో కొట్టిన దెబ్బ. అందుకని కంపెనీవాళ్ళు గాయం మానని రకం బొమ్మల్ని కొండపల్లిలో మా ఇంటికి పంపుతారు. మేం విరగ్గొట్టి పంపాలి. అదీ మా బతుకు.

మా అత్త సుభద్రమ్మ వయసంతా కొయ్యబొమ్మలకి కాళ్ళూ చేతులూ అతికించింది. మొన్న నేను పెట్టెడు బొమ్మలు విరగ్గొట్టి వంటకి లేచాను. వచ్చేసరికి ఆవిడ చింతగింజల మక్కు పెట్టి అన్నిటినీ అతికించేసి, కుదుపు తగలకుండా ఎండుగడ్డి సర్ది మరీ పంపించేసింది.

ఇవాళ తిరిగొచ్చాయి. తెర మీద కంపెనీ అమ్మాయి హంసిక మండిపడుతోంది.

"ఒక్కటీ విరగలేదండీ! ఇలాగైతే పని వేరేవాళ్ళకిస్తాం."

"అవేం పాపం చేశాయే?" అని అత్త నన్నడిగింది.

నోర్మూసుకోమని కసిరి, సుత్తి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ కొట్టిన దెబ్బ గురి తప్పి బొటనవేలి మీద పడింది. గోరు చీలి రక్తం కారింది.

హంసిక తెరకి దగ్గరగా వంగింది.

"అబ్బ, ఎంత సహజంగా ఉందో! ఆ వేలు కాస్త ఇటు తిప్పండి. అన్నిటికీ అలాంటి దెబ్బే కావాలి."

నేను అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని వెలుతురులోకి తిప్పాను.