రిక్వెస్టు స్టాపు

"హోల్డాన్!" అని కేక వేశాడు కండక్టరు తాతయ్య. వెనకాల వస్తున్న పిల్లల వరస టక్కున ఆగింది. నీలం గేటు తోసుకుని కవలలిద్దరూ పరుగెత్తుకొచ్చి వరసలో కలిశారు.

"ముందుకు జరగండి, జరగండి. లోపలంతా ఖాళీయే. రైట్ రైట్."

వరస కదిలింది.

అది చక్రాలు లేని బస్సు. పిల్లలు బడి గుమ్మం దాకా బండ్ల మీదే వస్తున్నారని, వచ్చాక కూర్చున్నచోటు నుంచి కదలడం లేదని బడి ఆరోగ్య కమిటీ దాన్ని మొదలుపెట్టింది. వీధికో పెద్ద మనిషి ముందు నడవాలి. గేటు గేటుకీ ఆగి, పిల్లల్ని కలుపుకుంటూ బడికి చేర్చాలి. ప్రతి టిఫిన్ డబ్బాలో ఒక పండు ఉండాలన్నది కూడా కమిటీ మాటే. చిప్సు పొట్లం కనిపిస్తే బడి నర్సమ్మ ఊరుకోదు.

రిటైరైన బస్సు కండక్టరు తనంతట తాను వచ్చి కమిటీలో చేరాడు. ఏరికోరి ఎత్తు వీధి అడిగాడు. అన్నిటికంటే నిట్టనిలువు వీధి అదే.

"మీ మోకాళ్ళు ఒప్పుకున్నాయా?" అంది నర్సమ్మ.

"వాటిని అడగలేదమ్మా."

నెల తిరక్కుండానే ఆ వీధి పిల్లలందరికీ ఆయన తాతయ్య అయిపోయాడు. తల్లులు గేట్ల దగ్గర నిలబడి బాగోగులు అడిగేవారు. పిల్లలు తమ పండులో ముక్క పెట్టేవారు. ఆపిల్ పెడితే మాత్రం జేబులో వేసుకునేవాడు.

"తినవేం తాతయ్యా?"

"మీ దగ్గర పళ్ళున్నాయి, నా దగ్గర లేవురా. మిగిలిన నాలుగూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు."

వీధి చివరి గేటు దగ్గర మాత్రం ఆయన కేక వేసేవాడు కాదు. ఎదురు గోడ పక్కకి వెళ్ళి నిలబడేవాడు. గేటు మనిషి పట్టేంత కూడా తెరుచుకునేది కాదు. ఆ సందులోంచి ఒక పాప జారినట్టు బయటికొచ్చేది. వెంటనే గేటు మూసుకునేది.

"ఇక్కడ హోల్డాన్ అనవేం?" అని ఒకసారి అడిగాడు కవలల్లో పెద్దవాడు.

"ఇది రిక్వెస్టు స్టాపురా. మనం అరవకూడదు. వాళ్ళు చెయ్యెత్తితే ఆగుతాం."

"ఎవరూ ఎత్తలేదుగా?"

"అయినా ఆగుతాం."

ఆ పాప నడుస్తూ నడుస్తూ గిర్రున ఒక చుట్టు తిరుగుతుంది. అందుకని అందరూ బొంగరం అనేవారు. వీధి మొత్తం మీద ఆయన్ని సార్ అనేది బొంగరం ఒక్కతే.

"ఓయబ్బో, ఈయనేం లెక్కలు చెప్తాడా, సార్ అనడానికి?" అన్నాడు పెద్దవాడు.

"మా అమ్మ అలాగే పిలవమంది."

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

పిల్లల్ని దింపాక వెనక్కి వచ్చేటప్పుడు వీధి ఎందుకో పొడుగయ్యేది. ఇంటికెళ్ళి తాళం తీసి, తాగడానికి గ్లాసుడు నీళ్ళు కాచుకునేవాడు. గ్లాసుడు నీళ్ళకి ఆ గిన్నె మరీ పెద్దది. చిన్నది కొనాలని ఎప్పుడూ అనిపించలేదు.

వానలో ఒకనాడు ఆ ఎత్తు మీద కాలు జారింది. మోకాలు గుమ్మడికాయలా వాచింది. సాయంత్రం బడి భోజనాల గదిలో కమిటీ కూర్చుంది.

"పెద్దాయనా, ఎత్తు వీధి డ్రిల్లు మాస్టారు చూసుకుంటారు. మీరు బజారు వీధి తీసుకోండి. చదునుగా ఉంటుంది" అంది హెడ్మిస్ట్రెస్.

"ఆ వీధైతేనే నడుస్తానమ్మా. లేదంటే ఇంట్లో కూర్చుంటాను."

"పిల్లలు ఏ వీధిలోనైనా పిల్లలే కదండీ" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

తాతయ్య బల్ల కింద వాచిన మోకాలు నిమురుకున్నాడు.

"ఈ కాలు చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరా?" అని మెల్లగా అడిగింది నర్సమ్మ.

"మనుషులున్నారమ్మా. రూట్లు వేరు."

చివరికి హెడ్మిస్ట్రెస్ ఒక మాటకి వచ్చింది. ఆ వీధి తల్లుల్ని అడుగుదాం, ఒక్కరు కాదన్నా వీధి మాస్టారిదే అంది. అక్కడే కూర్చుని ఫోన్లు చేశారు. అందరూ ఆయనే కావాలన్నారు. చివరి గేటు ఇల్లు మాత్రం, పొద్దున చెప్తానంది.

ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చున్నాడు. ఒక వీధి కోసం దేవుణ్ణి అడగడమేమిటి? అడిగితే మాత్రం, ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఇన్నాళ్ళూ ఇచ్చినదే దొంగచాటుగా ఇచ్చాడు కదా అనుకున్నాడు. అడక్కుండానే చేతులు జోడించి లేచాడు.

పొద్దున్నే కుంటుకుంటూ ఎక్కాడు. చివరి గేటు ఎదురుగా గోడ పక్కన నిలబడ్డాడు. గేటు తెరుచుకోలేదు.

"లేటవుతోంది తాతయ్యా."

ఆయన కదల్లేదు.

కాసేపటికి గేటు తెరుచుకుని బొంగరం బయటికొచ్చింది. వెనకాల గేటు మూసుకోలేదు. ఆ సందు అలాగే ఉండిపోయింది.

"మా అమ్మ సరే అంది సార్. మీరే రావచ్చట" అంటూ డబ్బా మూత తీసింది. లోపల ఆపిల్. తొక్క తీసి, కాగితంలా పలచగా కోసిన ముక్కలు. "ఇవి మీకట."

రైట్ రైట్ అందామనుకున్నాడు. ముందు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ మాటేదో కవలలే అనేసి వరసను కదిలించారు. పోతూ పోతూ పెద్దవాడు వెనక్కి తిరిగాడు. "పండు కూడా పెట్టావుగా, ఇప్పుడైనా తాతయ్యా అనవే."

బొంగరం ఇవాళ తిరగలేదు. వాళ్ళు ముందుకు వెళ్ళేదాకా ఆగి, ఆయన చొక్కా అంచు పట్టి లాగి, గుసగుసగా చెప్పింది.

"వాళ్ళందరికీ మీరు ఉత్తుత్తి తాతయ్య కదా సార్, నాకు నిజం తాతయ్యట, అందుకే అలా పిలవొద్దంది అమ్మ."