నడికట్టులో తాళంచెవి

"ఆ తెర ముట్టుకోకండి," అంది బ్రైనెల్.

పవిత్ర గ్రంథం తోరా ఉన్న అలమర తెరవబోతున్న రబ్బీ అన్షెల్ చెయ్యి అలాగే ఆగిపోయింది. విశ్రాంతిదినమైన సబ్బాతు ప్రార్థన మధ్యలో ఒక ఆడమనిషి, ఆడవాళ్లు కూర్చునే మేడ దిగి మగవాళ్ల బెంచీల మధ్యకు రావడం ఆ ఊరి యూదుల ప్రార్థనామందిరంలో ఎవరూ ఎరగరు.

"దీనికి మతి పోయింది," కోషెల్ కూర్చున్నచోటి నుంచే అరిచాడు. "ఎవరైనా పట్టుకుని బయటికి గెంటండి!"

"గెంటు, చూద్దాం. అన్యాయం జరిగినవాళ్లు అడ్డం నిలబడితే తీర్పు చెప్పేదాకా తోరా బయటికి రాకూడదు. తాతలనాటి ఆచారం. ఉందా లేదా రబ్బీ గారూ?"

రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. "ఉంది," అన్నాడు ఇష్టం లేకుండానే. "ఏమిటమ్మా నీకు జరిగిన అన్యాయం?"

ఆమె వాకిలి వైపు చూపించింది. గుమ్మానికి అవతల, బూట్ల బురద గీక్కునే ఇనుప పట్టీ దగ్గర, ఆమె కొడుకు నఫ్తాలి నిలబడి ఉన్నాడు.

కోషెల్, అతని బావ సెలిగ్ కలిసి కొన్న గుర్రాన్ని దొంగిలించాడని నఫ్తాలి రెండేళ్లు జైల్లో ఉండి, పోయిన వారమే వచ్చాడు. అతను లోపల ఉండగానే తండ్రి హిర్ట్సెల్ పోయాడు. తండ్రి కోసం కొడుకు చెప్పవలసిన ప్రార్థనకు పదిమంది మగవాళ్లు ఉండాలి. నఫ్తాలి నోరు తెరవగానే కోషెల్ లేచి బయటికి పోతాడు. వెనకే సెలిగ్, ఇంకా నలుగురైదుగురు. మిగిలినవాళ్లు చాలరు. నఫ్తాలి నోరు మూసుకుంటాడు. వచ్చిన నాటి నుంచీ ఇదే తంతు. ఈ సాయంత్రం చుక్కలు పొడవగానే ఊరు విడిచిపోతానని, ఇక ఏ ప్రార్థనామందిరం గడపా తొక్కనని పొద్దున్నే తల్లితో చెప్పాడు.

జైలు నుంచి వచ్చిన రోజున ఆమె, నువ్వు చేశావా అని అడగలేదు. సూపు పోసి, తండ్రి కప్పుకునే ప్రార్థన శాలువా తీసి ఇచ్చింది. అంతే.

"నా మొగుడికి కొడుకు నోట ప్రార్థన దక్కాలి," అంది బ్రైనెల్. "వీడు గుర్రాన్ని తోలుకుపోతుంటే చూశానన్నది కోషెల్ ఒక్కడే. పట్నం కోర్టులో చెప్పాడు. ఇక్కడికి వచ్చి, తోరా మీద చెయ్యి పెట్టి అదే మాట చెప్పమనండి. చెబితే నేను మేడెక్కిపోతాను, వాడు ఊరొదిలి పోతాడు. చెప్పలేకపోతే, వాడు ప్రార్థన చెప్పేటప్పుడు ఒక్కడు కూడా లేవకూడదు."

"సబ్బాతు నాడు ప్రమాణాలేమిటి?" అన్నాడు సెలిగ్.

"ప్రమాణం వద్దు. మామూలు మాటే."

రబ్బీ గొంతు తగ్గించాడు. "అమ్మా, నిజం చెప్పేవాడు కూడా దానిమీద చెయ్యి వెయ్యడానికి జంకుతాడు."

"నాకు తెలుసు."

కోషెల్ పకపకా నవ్వాడు. "పదేళ్లప్పుడే పక్క ఊరివాళ్ల గుర్రం అడక్కుండా ఎక్కి తిరిగాడు నీ కొడుకు. మరిచిపోయావా? అది సరే, నడికట్టులో ఆ తాళంచెవి ఏమిటే? నీ బీరువాలో ఏముందని తాళం?"

సబ్బాతు నాడు వీధిలో ఏదీ మొయ్యకూడదు గనుక, తాళంచెవి తేవలసి వచ్చిన ఆడవాళ్లు దాన్ని నడికట్టులోనే బిగించి కట్టుకుంటారు. బ్రైనెల్ కట్టుకోవడం ఈ వారమే చూశారు.

"ఊళ్లో దొంగలున్నారు," అందామె కోషెల్ కళ్లలోకి చూస్తూ.

మేడమీద ఎవరో కిసుక్కున నవ్వారు. కింద ఎవరూ నవ్వలేదు.

కిటికీలోంచి పడిన ఎండ రెండో బెంచీ దాటి మూడో బెంచీ మీదికి పాకింది. తిట్టేవాళ్లు తిట్టారు, దగ్గేవాళ్లు దగ్గారు. బ్రైనెల్ కదల్లేదు. అలమర ముందున్న కమ్మీ పట్టుకుని దావీదు కీర్తన ఒకటి పెదవుల మీదే చెప్పుకుంది. పోలీసులు తలుపు బాదినప్పుడూ అదే చెప్పుకుంది, హిర్ట్సెల్ కళ్లు మూసినప్పుడూ అదే.

సబ్బాతు నాడు నిప్పు ముట్టకూడదు గనుక నిన్నటి నుంచే ఇంటి పొయ్యిల్లో ఉడుకుతున్న కుండలు ఒక్కొక్కరికే గుర్తొచ్చాయి.

"పోయి చెప్పరాదూ కోషెల్! అక్కడ కుండ మాడిపోతోంది."

"ఒక్క మాటేగా," సెలిగ్ మోచేత్తో పొడిచాడు. "కళ్లారా చూసినవాడివి, నీకేం భయం? చెప్పేసి రా."

కోషెల్ లేచాడు. రబ్బీ తెర తప్పించి తలుపులు తీశాడు. బ్రైనెల్ పక్కకు జరిగింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కోషెల్ చెయ్యి తోరాకు కట్టిన ముఖమలు దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తీసుకుని కోటుకు తుడుచుకున్నాడు. మళ్లీ చాచాడు. మళ్లీ ఆగింది.

"ఏమైంది?" అన్నాడు సెలిగ్.

"గుర్రం..." కోషెల్ వెనక్కి తిరక్కుండా, అలమరతో చెబుతున్నట్టు అన్నాడు. "గుర్రాన్ని నేనే రైన్ నది అవతల అమ్మేశాను. నీకు ఏదో ఒకటి చెప్పాలిగా బావా."

"ఒరేయ్, దొంగ వెధవా!" సెలిగ్ బెంచీ మీంచి దూకబోతుంటే ఇద్దరు పట్టుకున్నారు.

రబ్బీ వాకిలి వైపు తిరిగాడు. "నఫ్తాలీ, లోపలికి రా నాయనా."

నఫ్తాలి వచ్చాడు. తండ్రి పేరు తలుచుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఒక్కడు కూడా లేవలేదు. ఆమెన్ అన్న గొంతుల్లో కోషెల్ గొంతు కూడా ఉంది.

ఇంటికి వచ్చాక బ్రైనెల్ నడికట్టు విప్పింది. తాళంచెవిని బీరువాకే తగిలించి వదిలేసింది. కుండ మూత తీసి వడ్డించింది.

"ఊరు ఊరంతా దొంగ అన్నా, నువ్వొక్కదానివే నన్ను నమ్మావమ్మా," అన్నాడు నఫ్తాలి.

ఆమె తలెత్తకుండా అతని పళ్లెంలో ఇంకో గరిటె వేసింది.

ఆ పొద్దున కోషెల్ చెయ్యి ఆగేదాకా ఆమె కూడా నమ్మలేదు.