తుమ్మెదలు వచ్చేలోపు

పేజీ తిప్పేయకండి, ఒక్క నిమిషం ఆగి వంతల చిలకమ్మ సంగతి వినండి. ఆమెది చింతపల్లి కొండల్లో ఒక ఊరు. ఇది ఇంకొన్నేళ్ల తర్వాతి మాట; అప్పటికి అక్కడ ఇంటింటి పెరట్లోనూ మందు కోసం పెంచే గంజాయి చెట్లే, అంతా లైసెన్సుతోనే. పూతకు బూజు పట్టకుండా రోజూ తెల్లారగానే డ్రోన్ల గుంపు వచ్చి మంచు తడిని గాలితో ఆరబెట్టి పోతుంది. ఊళ్లో వాటిని తుమ్మెదలంటారు.

ఆ పొద్దున కంచె అవతల, మరిది బొంజుబాబు చెట్టుకి ఒక పూగుత్తి వాడి కనిపించింది. చిలకమ్మ చెయ్యి చాపి మెల్లగా విప్పి చూస్తే లోపలంతా బూడిదరంగు బూజు. తుమ్మెదల గాలి తగిలిందంటే అది కొండంతా ఎగురుతుంది. మూర్ఛలొచ్చే తన కూతురికి మందు ఈ పంట నుంచే రావాలి.

వెంటనే ఫోన్ చేసింది. "నీ చెట్టుకి బూజట్టింది. కోసీమంటావా?"

"ముట్టుకోకు వదినా, నానొచ్చి సూస్తాను. నీకు మబ్బు కూడా బూజులాగే కనపడతాది."

"నువ్వు పాడేరు నుంచొచ్చేసరికి తుమ్మెదలొచ్చి ఎల్లిపోతాయి."

"అయితే ఆటిని ఆపించు."

"ఈ మంచుకి ఒక్క పొద్దు ఆరకపోతే అందరి పూతా పోతాది."

కొండ వెనక తుమ్మెదల రొద మొదలైంది. చిలకమ్మ కంచె దాటి, చెట్టు కదలకుండా పెద్ద సంచి తొడిగి, మూతి కట్టి, మొదలంటా కోసేసి, మళ్లీ ఫోన్ అందుకుంది.

"కోసీసినాను మరిదీ. వచ్చినాక నా చెట్టొకటి నువ్వు కోసుకో."

మీరైతే అతను సరేననేదాకా ఆగేవారా, కంచె దాటేసేవారా?