కోచ్ మీద పగ

"సంతకం పెట్టండి," అంటూ అక్క తొలగింపు కాగితాన్ని కోచ్ ముందుకు తోసింది. ఈ ఒక్క రోజు కోసమే ఆమె నాలుగేళ్ళు అందరి చుట్టూ తిరిగి ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షురాలైంది.

"మీరు జట్టులోంచి తీసేయబట్టే కదా నా తమ్ముడు ఉక్రోషంతో యుద్ధానికి పోయి చచ్చాడు. పగలంతా వెల్డింగ్ చేసినా సాయంత్రం ఆట కోసమే బతికేవాడు. ఇప్పుడు మీరూ గ్రౌండు బయట నిలబడండి, తెలుస్తుంది."

కోచ్ పెన్ను అందుకున్నాడు.

తలుపు దగ్గరున్న పాత గోల్‌కీపర్ ఇక ఆగలేకపోయాడు. తమ్ముడితోపాటు యుద్ధానికి వెళ్ళి, ఒక కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన మనిషి అతను.

"అక్కా, వాడు అంతకుముందే సైన్యంలో పేరిచ్చేశాడు. నీకు చెప్పే ధైర్యం లేక, 'మీరే తీసేశారని చెప్పండి' అని కోచ్‌గారిని బతిమాలుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను."

అక్క కోచ్ వైపు తిరిగింది. "మరి ఇన్నేళ్ళూ నడివీధిలో నిలబెట్టి తిడుతుంటే ఎందుకు పడ్డారు?"

"పోయినవాణ్ణి తిట్టుకుంటూ బతకడం కష్టం తల్లీ. ఎదురుగా నేనున్నాను కదా."

అక్క కాగితం లాక్కుని చించేసింది.

"వాడు ఇప్పుడు కనిపిస్తే రెండు చెంపలూ వాయించేదాన్ని," అంది. ఆ మాట అంటుండగానే, చావు కబురు విన్ననాడు కూడా రాని ఏడుపు ఆమెకు వచ్చింది.