క్యారియర్ అందుకున్న చోటు

రేవుపేట ట్రాములు గవరయ్య నడిపే తీరు చూసి తమంతట తాము నడవడం నేర్చుకున్నాయి. నేర్చుకోవడం అవ్వగానే కంపెనీ అతని మెడలో ఓ దండ వేసి ఇంటికి పంపేసింది.

డ్యూటీలో ఉన్నప్పుడు అతను రోజూ మధ్యాహ్నం తన వీధి మొగలో ట్రాము ఆపి, భార్య పైడితల్లి చేతి నుంచి అన్నం క్యారియర్ అందుకునేవాడు. ట్రాములు అదీ నేర్చుకున్నాయి. ఇప్పటికీ అన్నం వేళకు అక్కడ ఆగి, ముందు తలుపు తెరిచి, కాసేపు చూసి కదులుతాయి.

ఇవాళ మధ్యాహ్నం మొగుడూ పెళ్లాం ఆసుపత్రికని వెనక స్టాపులో ట్రామెక్కారు. తమ వీధి మొగలో ఆగగానే ట్రాము తియ్యటి గొంతుతో కంపెనీ చరిత్ర ఎత్తుకుంది.

"విక్టోరియా రాణి కాలంలో మన ట్రాములను గుర్రాలు లాగేవి. వాటికి ఇక్కడే నీళ్లు పెట్టేవారు. ఆ మూగజీవాల మీద గౌరవంతో నేటికీ ఇక్కడ ఆగుతున్నాం."

కొందరు దణ్ణం పెట్టుకున్నారు.

"గుర్రాలేటి, నీళ్లేటి? అందరికీ నేను సెప్తానుండు," అని గవరయ్య లేవబోయాడు.

పైడితల్లి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఊరుకో మావా. కంపెనీవోళ్లు గుర్రాల కోసమనుకుంటన్నారు కాబట్టి ఆగనిత్తన్నారు. నీ కోసమని తెలిస్తే రేపట్నుంచి ఆగనివ్వరు."