జీపుకి కొత్త యాంటెన్నా

చీకటి పడ్డాక మెకానిక్కమ్మ షెడ్డు మూయబోతుంటే ఒకాయన జీపు తెచ్చాడు. కొండల్లోకి వెళ్లాలట, అక్కడ ఫోన్లు పనిచేయవట. జీపులో రెండువైపులా మాట్లాడుకునే రేడియోకి యాంటెన్నా విరిగిపోయిందన్నాడు. ఆమె కాదనలేక బానెట్ పక్కన కొత్తది బిగించి, వైరు కలిపి, రేడియో ఆన్ చేసింది.

కాసేపు గరగరమంది. తర్వాత ఒక ఆడగొంతు మెల్లిగా పలికింది.

"ఏవండీ, ఎక్కడిదాకా వెళ్లారు?"

"ఎవరండీ?" అంది మెకానిక్కమ్మ.

"మా ఆవిడ. జవాబివ్వకు, ఆపెయ్."

"పాపం, ఎదురుచూస్తున్నట్టుంది. ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"దాని దగ్గర రేడియో సెట్టే లేదు," అన్నాడాయన, మెడమీద చెమట తుడుచుకుంటూ.

 ఆమె జీపు తాళం చెవి గుప్పిట్లో బిగించింది. "మరి మీ ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

 ఆయన తాళం చెవి కోసం చెయ్యి చాచాడు.

"ఇవ్వకమ్మా," అంది రేడియో.